రెండు రూపాయల వడ్డీ అంటే ఎంత శాతం?

తెలుగు నాట వడ్డీని శాతాల్లో చెప్పుకోరు, రూపాయల్లో చెప్పుకుంటారు. 'నూటికి రెండు' అంటే నెలకు వందకు రెండు రూపాయలని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. రూపాయి, రూపాయిన్నర అయితే ధర్మవడ్డీ అని సరిపెట్టుకుంటారు. మూడు దాటితే ముఖం చిట్లిస్తారు. ఐదు, పది అన్నారంటే తీసుకునేవాడి అవసరం పీకల మీదికొచ్చిందని అర్థం. ప్రభుత్వం కూడా ఈ భాషలోనే మాట్లాడింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల రుణాల కోసం తెచ్చిన పథకానికి 'మూడు శాతం వడ్డీ' అని కాకుండా 'పావలా వడ్డీ' అని పేరు పెట్టినవాళ్లకు జనం నాడి తెలుసు. నెలకు వందకు పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలు. ఇదే ఇంట్లోంచి బడికి వెళ్లే పిల్లవాడు అక్కడ ఇంకో భాష నేర్చుకుంటాడు. అసలు, కాలం, రేటు గుణించి వందతో భాగిస్తే బారువడ్డీ. కాలం ఏళ్లలో ఉండాలి, రేటు సంవత్సరానికి ఇంత శాతం అని ఉండాలి. ఎనిమిదో తరగతికల్లా చక్రవడ్డీ కూడా వచ్చేస్తుంది. ఆ లెక్కల్లో పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లవాణ్ని, మీ నాన్న తెచ్చిన రెండు రూపాయల వడ్డీ ఎక్కువా, బ్యాంకువాళ్లు చెప్పే తొమ్మిది శాతం ఎక్కువా అని అడిగితే, తొమ్మిదే పెద్దది కదా అనేస్తాడేమో. నిజానికి ఆ రెండు రూపాయలు ఏడాదికి 24 శాతం. ఇంటి లెక్కకూ బడి లెక్కకూ మధ్య తెగిపోయిన ఈ తీగను కలపడమే ఆర్థిక అక్షరాస్యత పేరుతో ప్రభుత్వమూ బడీ చేయవలసిన మొదటి పని. పొదుపు చేసుకోండని హితవు చెప్పడం తర్వాతి సంగతి. చాలామందికి ఆ హితవు అవసరమే లేదు.

డబ్బు సంగతులు మనవాళ్లకు తెలియవన్న మాటలో సగమే నిజం. చీటీ పాటనే తీసుకోండి. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ. మూడో నెలలో అవసరం పడ్డ మనిషి పాతిక వేలు తగ్గించి పాడుకుంటే చేతికి 75 వేలు వస్తాయి. ఆ పాతికలో ఐదు వేలు నిర్వాహకుడి కమీషన్ పోగా మిగిలిన ఇరవై వేలు ఇరవై మందికీ తలా వెయ్యి చొప్పున పంచుతారు, అంటే ఆ నెల ఒక్కొక్కరు కట్టవలసింది నాలుగు వేలే. ముందు పాడుకున్నవాళ్లకు ఇది అప్పు, చివరిదాకా ఆగినవాళ్లకు పొదుపు. అప్పూ పొదుపూ ఒకే పుస్తకంలో నడిచే ఇంత చిక్కు లెక్కను వేలిముద్ర వేసేవాళ్లు కూడా నోటితో చేసేస్తారు, ఎప్పుడు పాడుకుంటే లాభమో ఎప్పుడు ఆగితే మేలో వాదించుకుంటారు. మరోవైపు, జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం 2019లో జరిపిన సర్వే దేశంలోని వయోజనుల్లో 27 శాతం మందినే ఆర్థిక అక్షరాస్యులుగా తేల్చింది. పురుషుల్లో 29 శాతం, స్త్రీలలో 21 శాతం. పట్టణాల్లో 33, పల్లెల్లో 24. పరిజ్ఞానం, ప్రవర్తన, దృక్పథం అనే మూడింటిలోనూ కనీస స్థాయి అందుకున్నవాళ్లే ఆ లెక్కలోకి వచ్చారు. చీటీ పాట వేళ్ల మీద కట్టగలిగిన మనిషి ఆ 27 శాతంలో లేకపోవడంలో వింతేమీ లేదు. ఆమెకు తెలిసిన లెక్క ఒక గీత లోపలే పనిచేస్తుంది. ఆ గీత పేరు పరిచయం. చీటీ నడిపేవాడు ఎవరు, ఇల్లెక్కడ, తేడా వస్తే ఏ అన్నదమ్ముణ్ని నిలదీయాలి అన్నదే అక్కడ అసలు పూచీ. చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైన చీటీకీ, వీధిలో కాగితం మీద నడిచే చీటీకీ తేడా ఏమిటంటే చాలామంది, మాకు తెలిసినవాళ్లేనండీ అంటారు. 1982 నాటి కేంద్ర చిట్ ఫండ్ల చట్టం ఉందనీ, నిర్వాహకుడి కమీషన్ పరిమితిని 2019లో 5 నుంచి 7 శాతానికి పెంచారనీ తెలిసి చీటీ కట్టేవాళ్లు అరుదు.

మనిషి స్థానంలో కంపెనీ వచ్చిన చోట ఈ పరిజ్ఞానం తెగిపోతుంది. గత ఇరవై ఏళ్లలో తెలుగు రాష్ట్రాలను కుదిపిన డబ్బు విపత్తుల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. విజయవాడ కేంద్రంగా ఉన్న అగ్రిగోల్డ్ కుప్పకూలినప్పుడు సుమారు 32 లక్షల మంది డిపాజిట్‌దారుల డబ్బు, ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా, ఇరుక్కుపోయింది. ఏజెంటు మన ఊరివాడే, కంపెనీ మాత్రం మన ఊరిది కాదు. పరిచయాన్ని నమ్మే అలవాటునే అక్కడ పెట్టుబడిగా వాడుకున్నారు. జనం నుంచి డబ్బు వసూలు చేయడానికి మీకు ఎవరి అనుమతి ఉంది, రిజర్వు బ్యాంకుదా, సెబీదా అన్న ఒక్క ప్రశ్న ఊళ్లలో అలవాటుగా ఉండి ఉంటే నష్టం పూర్తిగా తప్పేదని అనలేం గానీ ఇంత దూరం వచ్చేది కాదు. చివరికి పది వేల లోపు, ఇరవై వేల లోపు కట్టిన చిన్న డిపాజిట్‌దారులకు 2019లో, 2021లో రాష్ట్ర ఖజానా నుంచే చెల్లించవలసి వచ్చింది. 2010 నాటి సూక్ష్మరుణ సంక్షోభం తీరు వేరు. అక్కడ కంపెనీలకు అనుమతులున్నాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకదాని వారం కిస్తీ కట్టడానికి ఇంకోదాని దగ్గర తీసుకోవడం మొదలైంది. ఒత్తిళ్లు, ఆత్మహత్యల వార్తల నడుమ ఆ అక్టోబరులో ఆర్డినెన్స్ వచ్చింది, తర్వాత చట్టమైంది. 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు కేసులు పెట్టిన రుణ యాప్‌ల వ్యవహారంలో అసలు మనిషే లేడు. ఫోన్లోని పరిచయస్థుల జాబితాను చూడటానికి ఒక మీట నొక్కి ఇచ్చిన అనుమతే తాకట్టు. పరువే జప్తు. ఈ మూడింటిలో ఏదీ పొదుపు చేయనివాళ్లకు పట్టిన తెగులు కాదు. అగ్రిగోల్డ్ బాధితులు పొదుపు చేసినందుకే మునిగారు.

లెక్క దగ్గరికే మళ్లీ వద్దాం, ఎందుకంటే అసలు మోసం చాలాసార్లు చట్టం లోపలే, లెక్కలోనే దాగి ఉంటుంది. కూరగాయల మార్కెట్లలో రోజువారీ ఫైనాన్స్ ఇలా నడుస్తుంది. అప్పు పది వేలు. ముందే వెయ్యి పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. బండి పెట్టుకున్నామెకు ఇది పది వేలకు వెయ్యి వడ్డీగా కనిపిస్తుంది, మించితే పది శాతం అనుకుంటుంది. కానీ ఆ తొమ్మిది వేలు వంద రోజులూ ఆమె దగ్గర ఉండవు. మర్నాటి నుంచే వంద చొప్పున వెనక్కి పోతుంటాయి. యాభయ్యో రోజుకు సగం తిరిగిపోయి ఉంటుంది. సగటున చూస్తే ఆమె వాడుకున్నది సగం డబ్బే, అదీ మూడు నెలల పది రోజులు. సరిగ్గా లెక్క కడితే ఏడాదికి 77 శాతం దాకా తేలుతుంది. ఆమె భాషలో చెప్పాలంటే ఆరున్నర రూపాయల వడ్డీ. ఆరున్నర అని ముందే చెబితే అదే మనిషి అమ్మో అంటుంది. ఫ్లాట్ వడ్డీ దీనికి చదువుకున్న తమ్ముడు. లక్ష రూపాయలు, ఏడాది, పన్నెండు శాతం ఫ్లాట్ అన్నారనుకోండి. లక్షా పన్నెండు వేలను పన్నెండుతో భాగించి నెలకు 9,333 రూపాయలు కట్టమంటారు. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు లక్ష మీదే. తగ్గే బాకీ మీద చూస్తే ఆ పన్నెండు కాస్తా దాదాపు 21.5 శాతం. మోటారు సైకిలు కొన్నవాళ్లు, ఫ్రిజ్ కొన్నవాళ్లు, ఉద్యోగస్తులు సైతం దీని కింద సంతకాలు పెడుతూనే ఉంటారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ధర తెలిసినంత మాత్రాన కూరగాయలామె ఆ అప్పు మానేస్తుందని కాదు. తెల్లవారుజామున మూడింటికి సరుకు కొనడానికి ఏ బ్యాంకూ తలుపు తీయదు. కానీ ఆరున్నర అని తెలిసిన మనిషి, వీధి వ్యాపారుల కోసం 2020లో మొదలైన స్వనిధి పథకంలో రుణానికి కేంద్రమే ఏడు శాతం వడ్డీ రాయితీ ఇస్తోందని విన్నప్పుడు, ఆ రెంటినీ ఒకే తక్కెడలో వేసి చూడగలుగుతుంది. మున్సిపాలిటీ ఆఫీసు చుట్టూ రెండుసార్లు తిరిగినా గిట్టుబాటేనని తేల్చుకోగలుగుతుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ యోజన తొమ్మిదేళ్లలో యాభై కోట్ల ఖాతాలు దాటింది. రిజర్వు బ్యాంకు, సెబీ, బీమా, పింఛను నియంత్రణ సంస్థలు నాలుగూ కలిసి జాతీయ ఆర్థిక విద్యా కేంద్రాన్ని నడుపుతున్నాయి. 2013లో ఒకసారి, 2020లో ఇంకోసారి జాతీయ వ్యూహ పత్రాలు వచ్చాయి. 2017 నుంచి మండలాల స్థాయిలో ఆర్థిక అక్షరాస్యతా కేంద్రాలు పెడుతున్నారు. రిజర్వు బ్యాంకు ఏటా ప్రకటించే ఆర్థిక సమ్మిళిత సూచిక 2021 మార్చిలో 53.9 ఉండగా 2025 మార్చికి 67కు చేరింది. ఖాతా చేరింది, కార్డు చేరింది, ఫోన్‌లో చెల్లింపూ చేరింది. ఆ ఖాతాతో పాటు వచ్చిన హక్కుల సమాచారం మాత్రం అంతే వేగంగా చేరలేదు. ఏడాదికి 436 రూపాయలకు రెండు లక్షల జీవిత బీమా, 20 రూపాయలకు రెండు లక్షల ప్రమాద బీమా కేంద్ర పథకాలుగా ఉన్నాయి. ఖాతాలోంచి ఆ డబ్బు దానంతటదే కోత పడుతుంది. పోయినవాళ్ల పాస్‌బుక్‌లో ఆ ఇరవై రూపాయల గీటు దేనిదో ఇంట్లోవాళ్లకు తెలియకపోతే క్లెయిమ్ అడిగేదెవరు? పదేళ్లుగా ఎవరూ అడగని డిపాజిట్లు, 2023 ఫిబ్రవరి నాటికి ప్రభుత్వ రంగ బ్యాంకులు రిజర్వు బ్యాంకుకు బదలాయించినవే, 35 వేల కోట్ల రూపాయలు. వాటిని వెతుక్కోవడానికి ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టవలసి వచ్చింది. ఇక శిబిరాల్లో చెప్పే మాటలు చూస్తే వాటిలో హితవు పాలు ఎక్కువ. బడ్జెట్ వేసుకోండి, కోరికలకూ అవసరాలకూ తేడా గుర్తించండి, రోజూ కొంత దాచండి. రోజుకు రూపాయి దాచి సంఘాన్ని నిలబెట్టుకున్న ఆడవాళ్ల ముందు నిలబడి పొదుపు గురించి చెప్పడం, చేపకు ఈత నేర్పినట్టే.

ఆ రూపాయి కథలోనే మనకు కావలసిన పాఠం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు వయోజనుల వాచకంలోకి ఊరి బతుకునే ఎక్కించారు. తాగుబోతు భర్త, కూలి డబ్బు సారా దుకాణానికి పోవడం, ఆడవాళ్లంతా ఒక్కటై అడ్డుకోవడం లాంటి పాఠాలు చదివిన దూబగుంట మహిళలు నిజంగానే ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో అది రాష్ట్రవ్యాప్త సారా వ్యతిరేక ఉద్యమమైంది. సారాకు పోకుండా మిగిలిన రూపాయిని దాచుకునే 'పొదుపు లక్ష్మి' ఆ జిల్లాలోనే మొదలై, డ్వాక్రా సంఘాలకు బాట వేసింది. అక్షరం నేర్పినవాళ్లు తాగుడు మానాలనే నీతి శ్లోకం చెప్పలేదు. ఇంటి డబ్బు ఏ దారిన పోతున్నదో చదువుకోవడానికి కావలసిన మాటలు చేతికిచ్చారు. తర్వాత ఏం చేయాలో చదివినవాళ్లే తేల్చుకున్నారు. ఈనాటి ఆర్థిక అక్షరాస్యతకు ఇంతకంటే దగ్గరి నమూనాను మనం వేరే దేశంలో వెతుక్కోనక్కర్లేదు. సంఘాల్లో ఇప్పటికీ పంచసూత్రాలంటారు: క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఐదోది బుక్ కీపర్ పనిగా మిగిలిపోయిన చోట్ల, సభ్యురాలికి తన బాకీ ఎంతో ఎవరో చెబితేనే తెలుస్తుంది. తీర్మానం మీద పది మంది సంతకాలుంటాయి, అంకెలు చదివినవాళ్లు ఇద్దరే ఉంటారు.

బడి విషయానికొస్తే, ఆర్థిక అక్షరాస్యత పేరుతో కొత్త సబ్జెక్టు పెట్టాలనే సూచన ఎప్పుడూ వినిపిస్తుంటుంది. అది పెడితే దానికో గైడు, ఆ గైడులో బిట్లు, ఆ బిట్లకు మార్కులు రావడం తప్ప ఒరిగేది తక్కువ. ఉన్న లెక్కల పాఠంలోనే చోటుంది. బారువడ్డీ అధ్యాయంలో మొదటి లెక్కే రూపాయి వడ్డీని శాతంలోకి మార్చడం కావాలి. చక్రవడ్డీకి క్రెడిట్ కార్డు బాకీ, నిష్పత్తులకు చీటీ పాట, సగటుకు రోజువారీ ఫైనాన్స్, గ్రాఫుకు ఇంటి కరెంటు బిల్లు వాడవచ్చు. పిల్లలు ఇంటి నుంచి పాస్‌బుక్కు, బంగారం తాకట్టు రసీదు తేనక్కర్లేదు, తేకూడదు కూడా. ఇంటి అప్పులు తరగతిలో బయటపడటం ఏ బిడ్డకూ మంచిది కాదు. పేర్లు లేని నమూనా కాగితాలు చాలు. తెలుగు వాచకంలో బీమా పాలసీ షరతుల పుట ఒకటి చదివించి, కొన్నాక వద్దనుకుంటే తిప్పి ఇచ్చేందుకు 30 రోజుల గడువు ఎక్కడ రాసి ఉందో వెతకమనవచ్చు. సాంఘిక శాస్త్రంలో పార్లమెంటు, హైకోర్టుల గురించి చెప్పే చోట బ్యాంకు మీద ఫిర్యాదు వినే అంబుడ్స్‌మన్ గురించీ, సైబర్ మోసం జరిగిన వెంటనే చేయవలసిన 1930 నంబరు గురించీ నాలుగు వాక్యాలు రాయవచ్చు. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల బళ్లలో ఇంకొకటి చేర్చాలి. గల్ఫ్ ఉద్యోగానికి పంపే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమేనన్నది నిబంధన. ఆ ఒక్క అంకె పదో తరగతి పిల్లవాడి నోట ఇంట్లో పడితే, మూడు రూపాయల వడ్డీకి లక్షలు తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టే అన్న ఒక్కసారైనా ఆగి ఆలోచిస్తాడు. పిల్లల ద్వారా పెద్దలకు చేరుతుందా అన్న అనుమానానికి బ్రెజిల్‌లో కొంత జవాబు దొరికింది. అక్కడ 892 ఉన్నత పాఠశాలల్లో, దాదాపు 25 వేల మంది విద్యార్థులతో పెద్ద ప్రయోగం చేశారు. మామూలు సబ్జెక్టుల్లోనే ఈ పాఠాలు కలిపి చెప్పారు. పిల్లల పరిజ్ఞానం, పొదుపు పెరిగాయి. తల్లిదండ్రుల్లోనూ మార్పు కనిపించింది. అయితే, దాచకూడని మాట ఒకటుంది. ఆ పిల్లలు వాయిదాల మీద వస్తువులు కొనడం కూడా కొంత పెరిగింది. అప్పు గురించి తెలిస్తే భయం తగ్గుతుంది. భయం తగ్గడమూ అన్నివేళలా మంచికే కాదు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి ఎదురవుతుంది. ఆర్థిక పాఠాలు చెప్పినంత మాత్రాన జనం ప్రవర్తన మారుతుందనడానికి ఆధారమేదీ అని. 2014లో వెలువడిన ఒక ప్రసిద్ధ విశ్లేషణ అప్పటిదాకా వచ్చిన రెండు వందల అధ్యయనాలను కుప్పపోసి చూసి, జనం డబ్బు విషయంలో ప్రవర్తించే తీరులోని తేడాల్లో ఇలాంటి విద్య వివరించగలిగింది 0.1 శాతమేనని తేల్చింది. నేర్చుకున్నది కాలం గడిచేకొద్దీ ఆవిరైపోతుందనీ, కాబట్టి నిర్ణయం తీసుకునే వేళకే చెప్పాలనీ దాని రచయితలు సూచించారు. ఎనిమిదేళ్ల తర్వాత, 33 దేశాల్లో జరిగిన 76 ప్రయోగాలను పరిశీలించిన మరో విశ్లేషణ మాత్రం ఫలితం ఉందనీ, ఇతర విద్యా కార్యక్రమాల ఫలితాలకు తీసిపోదనీ చెప్పింది. ఈ వాదంలో ఎవరి పక్షం నెగ్గిందన్నదాని కంటే అహ్మదాబాద్‌లో జరిగిన ప్రయోగం మనకు ఎక్కువ పనికొస్తుంది. పట్టణ పేదలకు అయిదు వారాల పాటు వీడియో పాఠాలు చూపించారు. వడ్డీ లెక్కలు కట్టే శక్తిలో మార్పు రాలేదు, బ్యాంకు గురించి అవగాహన మాత్రం పెరిగింది. పాఠంతో పాటు ఫలానా తేదీకి ఇంత దాచాలన్న లక్ష్యం పెట్టుకోమన్న చోట, ఒక్కొక్కరితో విడిగా కూర్చుని సలహా చెప్పిన చోట ప్రవర్తన కూడా కదిలింది. పైన చెప్పిన లెక్క వాదానికి ఇది ఎదురుదెబ్బలా కనిపిస్తుంది గానీ, పని పంపకం ఎలా ఉండాలో ఇదే చెబుతోంది. నలభై ఏళ్ల మనిషికి అయిదు వారాల్లో శాతాలు రావు. పదేళ్ల పాటు రోజూ లెక్కలు చెప్పే చోటు బడి ఒక్కటే. కాబట్టి లెక్క బడి బాధ్యత. పెద్దవాళ్లకు కావలసింది పాఠం కంటే ఎక్కువగా, సంతకం వేళకు పక్కన ఒక మనిషి, కాగితం మీద ఒక అంకె.

ఆ అంకె ఇప్పటికే ఉంది. 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే రిటైల్ రుణాలకు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే పత్రం తప్పనిసరి. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, బీమా కోత అన్నీ కలిపి ఏడాదికి అసలు ఖర్చు ఎంత శాతమో అందులో ఒకే అంకెగా వేయాలి. రుణం తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వారం, అంతకు మించిన గడువున్న అప్పులకు ఆ పత్రం చూసి ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల వ్యవధి ఉండాలి. తెలుగువారి చేతికి వచ్చిన మంచి ఆయుధాల్లో ఇదొకటి. అయితే మన భాషలోకి అనువదించడమంటే 'వార్షిక శాతపు రేటు' అని రాయడం ఒక్కటే కాదు. ఆ పక్కనే 'నెలకు వందకు ఇన్ని రూపాయల ఇన్ని పైసలు' అని అదే అంకెను వేయడానికి ఏ నియమం అడ్డొస్తుంది? పావలా వడ్డీ అనగలిగిన ప్రభుత్వం దీన్ని రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీలో అడగగలదు.

రెండో ఆక్షేపణ ఇంకా పదునైనది, నైతికమైనది. పేదవాడికి తక్కువైంది ఆదాయం, అతనికి పాఠాలెందుకు? కూలి రేటు పెంచకుండా, పంటకు గిట్టుబాటు ధర ఇవ్వకుండా, ఆసుపత్రి ఖర్చు తగ్గించకుండా అప్పుల గురించి క్లాసు చెప్పడం బాధితుణ్ని నిందించడమే కదా? కౌలురైతు ఐదు రూపాయల వడ్డీకి తెచ్చేది లెక్క రాకేం కాదు, పట్టా తన పేరున లేక బ్యాంకు గడప తొక్కనివ్వకపోవడం వల్ల. ఇందులో నిజం చాలా ఉంది. ఆర్థిక అక్షరాస్యత ఆదాయానికి బదులు కాలేదు, చట్టానికీ బదులు కాలేదు. మోసపోయినవాడికి చదువుకోలేదని చెప్పి చేతులు దులుపుకోవడానికి దీన్ని వాడుకుంటే తిరస్కరించవలసిందే. కానీ చట్టాలు వాటంతటవి నడవవు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్ర చట్టం వచ్చింది. రుణ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అక్రమ వసూళ్ల మీద ఫిర్యాదుకు 2016 నుంచీ సచేత్ పోర్టల్ ఉంది. ఇవన్నీ ఫిర్యాదు చేసేవాడు ఉన్నాడనే నమ్మకం మీద కట్టినవే. తన హక్కు తెలియని చోట ఫిర్యాదు పుట్టదు, ఫిర్యాదు లేని చోట చట్టం నిద్రపోతుంది. పైగా ఇది పేదల వ్యవహారమనుకోవడమే పొరపాటు. షేర్ మార్కెట్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకూ మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారనీ, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందనీ సెబీ అధ్యయనం తేల్చింది. స్మార్ట్‌ఫోను, డీమ్యాట్ ఖాతా, డిగ్రీ ఉన్నవాళ్ల కథ ఇది. డిగ్రీకీ డబ్బు చదువుకూ సంబంధం అంతంతమాత్రమే.

మరి పాఠం ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్నను సాధారణంగా దాటేస్తారు. బడికి వచ్చి ఉచితంగా క్లాసు చెబుతామనే సంస్థలకు కొదవ లేదు: బీమా కంపెనీలు, మ్యూచువల్ ఫండ్లు, ట్రేడింగ్ యాప్‌లు. వాళ్ల పాఠంలో అబద్ధం ఉండకపోవచ్చు, కానీ చివరి పుటలో కొనుగోలు ఉంటుంది. 'డబ్బు ఊరికే పడి ఉండకూడదు' అని పదహారేళ్ల పిల్లవాడికి చెప్పే మనిషి, ఆ డబ్బు కదిలితే కమీషన్ వచ్చేవాడు కాకూడదు. అందుకే ఈ పని లెక్కల మాస్టారుదీ, సోషల్ టీచరుదీ కావాలి. వాళ్లకు ఇప్పటికే తలకు మించిన పని ఉందన్న మాట నిజమే. కొత్త పీరియడ్ వద్దనడానికి, ఉన్న పాఠంలోనే ఉదాహరణలు మార్చమనడానికి అదే కారణం. ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో పది లెక్కల్లో రాము, సోము వడ్డీకిచ్చుకుంటూనే ఉన్నారు కాబట్టి, ఆ రాము చేత నూటికి రెండుకు ఇప్పిస్తే సరిపోతుంది. ప్రభుత్వం విషయంలోనూ ఒక జాగ్రత్త ఉండాలి. పథకాల ప్రచారాన్నే అక్షరాస్యతగా లెక్క రాసుకునే అలవాటు దానికి ఉంది. ఎన్ని ఖాతాలు తెరిపించారు, ఎందరిని బీమాలో చేర్చారు అని అడిగే అధికారికి, చేరినవాళ్లలో ఎందరికి తాము చేరినట్టు తెలుసు అన్న ప్రశ్న ఇబ్బందిగా ఉంటుంది. మంచి ఆర్థిక విద్య పొందిన పౌరురాలు గ్రామ సచివాలయానికి వచ్చి, సున్నా వడ్డీ అన్నారు కదా, బ్యాంకు నా దగ్గర ముందే కోసిన వడ్డీ ఎప్పుడు వెనక్కి వస్తుందని అడుగుతుంది. ఆ ప్రశ్న వినడానికి సిద్ధపడే ప్రభుత్వమే ఈ పాఠం నిజాయితీగా చెప్పగలదు.

సమయం సంగతి ఒకటి మిగిలింది. రిజర్వు బ్యాంకు ఏటా జరిపే ఆర్థిక అక్షరాస్యతా వారం మొదట్లో జూన్ నెలలో ఉండేది. 2017, 2018, 2019ల్లో జూన్ మొదటి వారంలోనే జరిగింది, 2019లోనైతే రైతులనే అంశంగా తీసుకున్నారు. 2020 నుంచి అది ఫిబ్రవరికి మారింది. తెలుగు నాట అప్పుల నెల జూన్. బడి ఫీజులు, పుస్తకాలు, హాస్టల్ డిపాజిట్లు అప్పుడే. ఏరువాక కూడా అప్పుడే. విత్తనానికీ ఎరువుకూ, బంగారం తాకట్టుకూ వడ్డీ వ్యాపారి గుమ్మానికీ జనం నడిచేది అప్పుడే. ఫిబ్రవరిలో పిల్లలు పరీక్షల్లో, బ్యాంకువాళ్లు మార్చి లక్ష్యాల్లో మునిగి ఉంటారు. వారాన్ని తిరిగి జూన్‌కు జరపడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు, బడ్జెట్ కేటాయింపూ అక్కర్లేదు. కనీసం మన రెండు రాష్ట్రాల బ్యాంకర్ల కమిటీలైనా, దేశమంతటికీ ఫిబ్రవరిలో జరిగేది జరగనిచ్చి, ఏరువాక పున్నమికి ముందు సొంతంగా ఇంకో వారం పెట్టుకుని, మండల సమాఖ్యల్లో, రైతు సేవా కేంద్రాల్లో, బడి తెరిచిన రోజు తల్లిదండ్రుల సమావేశంలో ఆ ఒక్క కాగితాన్ని, ఆ ఒక్క అంకెను చదివించవచ్చు.